ధ్యానానికి ఫోను: గంట కొట్టనివ్వండి, కబుర్లు చెప్పనివ్వకండి

ధ్యానం మొదలుపెడదామని అనుకున్నవాళ్లలో చాలామంది ముందు ప్లే స్టోర్ తెరుస్తారు. వాన చప్పుడు, సముద్రపు హోరు, వేణువు, నిద్రపుచ్చే కథలు, ఇలా లెక్కలేనన్ని యాప్‌లు ఎదురొస్తాయి. ఒకటి దించుకుంటారు, అందులో గొంతు నచ్చలేదని ఇంకొకటి దించుకుంటారు. వారం తిరిగేసరికి ఏ యాప్‌లో ఏముందో కంఠతా వస్తుంది గానీ, కళ్లు మూసుకుని కూర్చున్న సమయం కూడితే గంట కూడా ఉండదు. మరోవైపు, ధ్యానం చేసే చోటికి ఫోను తీసుకురావడమే తప్పనేవాళ్లు ఉన్నారు. వాళ్లతో నాకు పేచీ ఉంది. ధ్యానానికి పనిముట్లు వాడడం కొత్తేమీ కాదు. ఆసనం మరీ ఎత్తుగానూ, మరీ పల్లంగానూ ఉండకూడదనీ, దర్భలు, చర్మం, వస్త్రం పరచుకోవాలనీ భగవద్గీత ఆరో అధ్యాయంలోనే ఉంది. జపమాల, గంట, దీపం, అగరువత్తి అన్నీ పనిముట్లే. ఫోను కూడా ఆ వరుసలో చేరవచ్చు, కాకపోతే ఒక షరతు మీద: దానికి ఒక్క పనే అప్పగించాలి.

ఆ పని ఏదో తేల్చుకుని, ఒక సాయంత్రం అరగంట కూర్చుని ఫోనును సిద్ధం చేసుకుంటే, ఆ తర్వాత నెలల తరబడి సెట్టింగ్స్ జోలికి వెళ్లనక్కర్లేదు. ఎలాగో వరుసగా చూద్దాం.

1. ముందు పద్ధతి తేల్చుకోండి

ఏ పనిముట్టు కావాలో మీరు చేసే పద్ధతిని బట్టే ఉంటుంది. గోయెంకా గారి సంప్రదాయంలో విపశ్యన నేర్చుకున్నవాళ్లు సహజంగా వచ్చిపోయే శ్వాసను ఉన్నదున్నట్టు గమనిస్తారు. దానికి మంత్రాన్ని గానీ, రూపాన్ని గానీ, అంకెలను గానీ జోడించవద్దని అక్కడ స్పష్టంగా చెబుతారు. కాబట్టి జపమాల, శ్వాస లెక్క, నేపథ్య సంగీతం మూడూ వాళ్లకు అడ్డే. గంట మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి మోగితే చాలు. హార్ట్‌ఫుల్‌నెస్‌లో హృదయంలో వెలుగు ఉందన్న భావనతో కూర్చుంటారు, శిక్షకుల తోడు అక్కడ ముఖ్యం. హైదరాబాద్ శివార్లలోని కాన్హా శాంతివనం దాకా వెళ్లలేనివాళ్లు వారి యాప్ ద్వారా శిక్షకులతో కలిసి కూర్చోవచ్చు. అక్కడ ఫోను చేసే పని మనుషులను కలపడం. పిరమిడ్ ధ్యానులు శ్వాస మీద ధ్యాస పెట్టి, వయసు ఎంతో అన్ని నిమిషాలు కూర్చోమంటారు. వాళ్లకు కావలసింది నిమిషాలు చూసే గడియారం. రామనామమో, ఓం నమశ్శివాయో జపించేవాళ్లకు నిమిషాలతో పని లేదు, లెక్క కావాలి.

ఇవేవీ నేర్చుకోని కొత్తవాళ్లు శ్వాస లెక్కతో మొదలుపెట్టవచ్చు. శ్వాస వదిలినప్పుడల్లా మనసులో ఒక అంకె అనుకోవాలి. పది దాకా వెళ్లాక మళ్లీ ఒకటి. లెక్క తప్పితే ఎక్కడ తప్పిందని వెతక్కుండా ఒకటి దగ్గరికి రావాలి. ఈ పది అంకె యాప్‌లు తయారుచేసినవాళ్లు పెట్టింది కాదు. అయిదో శతాబ్దంలో బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గం అనే గ్రంథంలో, లెక్క అయిదుకు తగ్గకూడదు, పది దాటకూడదు అన్నాడు. అయిదు లోపే ఆపితే ఇరుకు దొడ్లో తోలిన పశువుల్లా మనసు గింజుకుంటుందట, పది దాటితే శ్వాసను వదిలి అంకెలనే పట్టుకుంటుందట. ఆయనది మన గుంటూరు ప్రాంతమేనని వాదించిన పండితులు ఉన్నారు. అది నిజమైనా కాకపోయినా, సలహా మాత్రం పనికొచ్చేదే.

మొదటి నెల రోజుకు 10 నిమిషాలు చాలు. పొద్దున కాఫీకి ముందో, సాయంత్రం దీపం పెట్టిన వెంటనేనో, రోజూ తప్పనిసరిగా జరిగే ఏదో ఒక పనికి దీన్ని ముడిపెట్టండి. ‘తీరిక దొరికినప్పుడు’ అనే ముహూర్తం ఏ పంచాంగంలోనూ లేదు.

2. ఫోను నోరు కట్టండి

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా యాప్ దగ్గరికి వెళ్తారు. నాలుగో నిమిషంలో బ్యాంకు నుంచి రుణం కావాలా అని ఫోను వస్తుంది, అక్కడితో ఆ రోజు ధ్యానం ముగుస్తుంది.

ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్ తెరిచి ‘డు నాట్ డిస్టర్బ్’ అని వెతకండి. ఫోను తెలుగులో పెట్టుకున్నవాళ్లకు ఇది ‘అంతరాయం కలిగించవద్దు’ అని కనిపిస్తుంది. అందులో నాలుగు సంగతులు సరిచూసుకోవాలి.

మొదటిది షెడ్యూలు. మీరు కూర్చునే వేళకు 5 నిమిషాల ముందు మొదలై, లేచే వేళ తర్వాత మరో 10 నిమిషాలకు ముగిసేలా పెట్టండి. ఆ చివరి 10 నిమిషాలు ముఖ్యం. కళ్లు తెరిచీ తెరవగానే వాట్సాప్ సందేశాలు వరుసగా దిగితే అంతవరకూ కూర్చున్న ఫలం అక్కడికక్కడే కరిగిపోతుంది.

రెండోది మనుషులు. ఇంట్లో పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉన్నవాళ్లు ఫోను పూర్తిగా మూసేస్తే చెవి అటే ఉంటుంది. కాంటాక్టుల్లో ఆ ఇద్దరు ముగ్గురి పేర్లకు నక్షత్రం గుర్తు పెట్టి, నక్షత్రం ఉన్నవాళ్ల కాల్స్ మాత్రమే రానివ్వమని ఎంచుకోండి. పదేపదే చేసేవాళ్లను అనుమతించే వీలు కూడా అక్కడే ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో అదే నంబరు నుంచి 15 నిమిషాల లోపు రెండోసారి కాల్ వస్తే మోగుతుంది. ఐఫోనులో ఫోకస్ అనే చోట ఇదే ఏర్పాటు ఉంది, అక్కడ గడువు 3 నిమిషాలు. నిజంగా అవసరమైనవాళ్లు రెండోసారి చేస్తారు. రుణం ఇస్తామనేవాళ్లు సాధారణంగా చేయరు.

మూడోది అలారం. అలారాలను అనుమతించే మీట వేసి ఉందో లేదో చూడండి. అది ఆపేసి ఉంటే మీ గంట కూడా మోగదు.

నాలుగోది శబ్దం. ఫోనులో అలారం శబ్దం వేరు, పాటలు వినిపించే మీడియా శబ్దం వేరు. గడియారం యాప్ అలారం శబ్దంతో మోగుతుంది, ధ్యానం యాప్‌లలో కొన్ని మీడియా శబ్దంతో మోగుతాయి. పక్కనున్న వాల్యూమ్ మీట నొక్కి రెండింటినీ సరిచూసుకోండి.

ఇంకొక చిక్కు ఉంది, దీనివల్లే చాలామంది ‘యాప్ పనిచేయడం లేదు’ అని తీసేస్తుంటారు. షావొమి, ఒప్పో, వివో, రియల్‌మీ వంటి ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం వెనక నడిచే యాప్‌లను వాటంతట అవే మూసేస్తుంటాయి. తెర ఆరిపోయిన కాసేపటికి టైమర్ చచ్చిపోతుంది. మీరు కళ్లు మూసుకుని గంట కోసం చూస్తూనే ఉంటారు. దీనికి మందు: యాప్ బొమ్మను కాసేపు నొక్కిపట్టి యాప్ సమాచారంలోకి వెళ్లండి, అక్కడ బ్యాటరీ అన్నచోట ‘పరిమితులు లేవు’ అన్న అర్థం వచ్చేదాన్ని ఎంచుకోండి. తర్వాత ఒక నిమిషం టైమర్ పెట్టి, తెర ఆర్పేసి, ఫోను బోర్లించి పరీక్షించండి. మోగితే ఈ మెట్టు పూర్తయినట్టే.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు ఈ పనికి వద్దు. ఎనిమిదో నిమిషంలో ‘బ్యాటరీ తక్కువగా ఉంది’ అని ఒక అమ్మాయి ఇంగ్లిషులో చెవిలో అరుస్తుంది. మాట వినవలసిన ధ్యానమైతే ఫోను స్పీకరే మేలు.

3. గంటను ఎంచుకోండి, కుదిరితే మీ గంటే

అలారంతో వచ్చే శబ్దాలన్నీ నిద్ర లేపడానికి చేసినవి. ధ్యానం చివర అవి మోగితే గుండె అదురుతుంది. మెల్లగా మొదలై, మెల్లగా తగ్గిపోయే శబ్దం కావాలి. మీ పూజగదిలో కంచు గంట ఉంటే అంతకన్నా మంచిది బజారులో దొరకదు.

రాత్రి అందరూ పడుకున్నాక ఫ్యాను ఆపండి. ఫోనును మడత పెట్టిన తువ్వాలు మీద, గంటకు ఒక గజం దూరంలో పెట్టండి. మరీ దగ్గర పెడితే శబ్దం పగిలిపోతుంది. వాయిస్ రికార్డర్ మొదలుపెట్టి, రెండు క్షణాలు ఆగి, గంటను ఒక్కసారే కొట్టండి. పూజలో ఆడించినట్టు ఆడించవద్దు. నాదం పూర్తిగా అణిగేదాకా కదలకండి, మాట్లాడకండి. ఆపాక మొదట్లోని ఖాళీని కత్తిరించి భద్రపరచండి. గడియారం యాప్‌లో అలారం శబ్దం మార్చే చోట కొత్తది చేర్చే వీలు ఉంటుంది, అక్కడ ఈ ఫైలును ఎంచుకోండి. కొన్ని ఐఫోనుల్లో సొంత శబ్దాన్ని అలారంగా పెట్టడం ఇంత సులువు కాదు, అక్కడ టైమర్ యాప్‌లోని గంటతో సరిపెట్టుకోవచ్చు.

ఏ యాప్ అక్కర్లేని మరో ఉపాయం ఉంది. రికార్డర్‌ను ఆపకుండా వదిలేయండి: ఒక గంట కొట్టండి, గడియారం చూసుకుంటూ 10 నిమిషాలు మౌనంగా ఉండండి, చివర మూడు గంటలు కొట్టండి. ఇప్పుడు మీ దగ్గర ఒక ధ్యానం ఫైలు ఉంది. విమానం మోడ్‌లో పెట్టి ఏ పాత ఫోనులోనైనా దీన్ని వినిపించుకోవచ్చు, నెట్ అక్కర్లేదు, ప్రకటనలు రావు. ఇది కూడా రాత్రిపూటే చేయండి. పగలు చేస్తే పక్కింటి కుక్కర్ కూత అందులో పడుతుంది, ఇక రోజూ మూడో నిమిషంలో అదే కూత వింటూ కూర్చోవాలి.

మధ్యలో గంటలు కావాలా అన్నది పద్ధతిని బట్టి ఉంటుంది. శ్వాస లెక్క చేసేవాళ్లకు మొదట్లో ఉపయోగమే. 15 నిమిషాలైతే అయిదో నిమిషానికి, పదో నిమిషానికి ఒక్కో గంట పెట్టుకోండి. ఆలోచనల్లో కొట్టుకుపోయిన మనసును అది మళ్లీ ఒకటో అంకె దగ్గరికి పిలుస్తుంది. ఇంకా దగ్గర దగ్గరగా పెడితే మాత్రం గంట కోసం ఎదురుచూడడమే ధ్యానమైపోతుంది.

4. యాప్ తప్పదనుకుంటే

ఇన్‌సైట్ టైమర్‌లో ఉచితంగా వచ్చే టైమర్ భాగం మంచిది. మొదటి గంట, చివరి గంట, మధ్య గంటలు వేరువేరుగా ఎంచుకోవచ్చు. తెరవగానే ప్రసంగాలు, సంగీతం వరుసకట్టి పిలుస్తాయి, వాటిని చూడకుండా నేరుగా టైమర్‌కు వెళ్లడం మీ క్రమశిక్షణ. ఫ్రాన్స్‌లో వియత్నాం బౌద్ధ భిక్షువు తిక్ న్యాట్ హన్ స్థాపించిన ప్లమ్ విలేజ్ ఆశ్రమం వాళ్ల యాప్ పూర్తిగా ఉచితం, ప్రకటనలు లేవు. అందులో పగలంతా నిర్ణీత వ్యవధికి ఒకసారి మోగే గంట పెట్టుకునే వీలుంది. మెడిటో అనేది లాభాపేక్ష లేని సంస్థ నడుపుతున్న ఉచిత యాప్. ఇవి ప్రధానంగా ఇంగ్లిషులో ఉంటాయి. ఆఫీసులో కుర్చీ దగ్గరే అయిదు నిమిషాలు విరామం తీసుకోవాలనుకునేవాళ్ల కోసం ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో వై-బ్రేక్ అనే యాప్ తెచ్చింది, కాస్త ఆసనం, కాస్త ప్రాణాయామం, చివర కాస్త ధ్యానం ఉంటాయి.

యూట్యూబ్‌లో తెలుగు ధ్యానాలకు కొదవ లేదు. కానీ చెప్పేవాళ్ల గొంతు సద్దుమణిగిన క్షణంలోనే డిటర్జెంట్ ప్రకటన పేలుతుంది. అది అయ్యాక తర్వాతి వీడియో దానంతట అదే మొదలవుతుంది, అందులో మరొకరు మరో పద్ధతి చెబుతుంటారు. పద్ధతి గురించి తెలుసుకోవడానికి వీడియో చూడండి, సందేహం లేదు. చేయడానికి మాత్రం వద్దు.

శ్వాసకు లయ చూపే యాప్‌లు మరో రకం. తెర మీద ఒక వలయం పెద్దదవుతుంటే గాలి పీల్చాలి, చిన్నదవుతుంటే వదలాలి. నాలుగు క్షణాలు పీల్చి ఆరు క్షణాలు వదిలితే నిమిషానికి ఆరు శ్వాసలు. ఈ ఆరుకు ఒక చరిత్ర ఉంది. 2001 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీకి చెందిన లుచియానో బెర్నార్డి బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. 23 మంది చేత లాటిన్‌లో జపమాల ప్రార్థన, ‘ఓం మణి పద్మే’ మంత్రం చెప్పించి చూస్తే, రెండు సందర్భాల్లోనూ శ్వాస నిమిషానికి ఆరు దరిదాపులకు వచ్చింది, గుండె లయ కూడా దానికి అనుగుణంగా మారింది. అంటే యాప్‌లోని వలయం చేసే పని నిదానంగా చేసే జపమూ చేస్తుంది. వలయం చూస్తూ చేస్తే కళ్లు తెరిచి తెరను చూస్తుండాలి, జపానికి ఆ బాధ లేదు. వలయంతో రెండు మూడు రోజులు వేగం ఎంతో తెలుసుకుని, తర్వాత దాన్ని మూసేయండి. ఊపిరి బిగపట్టినట్టో, తల తిరిగినట్టో అనిపిస్తే మామూలు శ్వాసకు వచ్చేయండి.

5. గొంతు కావాలంటే ఇంట్లో గొంతే రికార్డు చేయండి

ఒంటరిగా మౌనంలో కూర్చోవడం కొందరికి కష్టం. ముఖ్యంగా పెద్దవాళ్లకు ఎవరైనా చెబుతుంటే ధైర్యంగా ఉంటుంది. ఇంగ్లిషు యాప్ వాళ్లకు అక్కరకు రాదు, తెలుగులో దొరికేవాటిలో చాలావరకు నాటకం పాలు ఎక్కువ. కొడుకో, కూతురో పది నిమిషాల మాటలు రికార్డు చేసి వాట్సాప్‌లో పంపితే అమ్మకు ఆ గొంతు కన్నా ఏ గొంతు ఎక్కువ? ఉద్యోగాల కోసం బెంగళూరులోనో, డల్లాస్‌లోనో ఉన్నవాళ్లు చేయగలిగిన చిన్న పని ఇది.

మాటలు ముందు కాగితం మీద రాసుకోండి. పదిలో మాటలు మూడు నిమిషాలకు మించకూడదు, మిగిలిందంతా నిశ్శబ్దమే. ఒక నమూనా ఇస్తున్నాను, మీ ఇంటి వాడుకకు మార్చుకోండి.

గంట. ‘అమ్మా, కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చో. రెండు పాదాలూ నేలకు ఆనించు. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టు. చేతులు ఒడిలో పెట్టుకుని కళ్లు మూసుకో. తొందరేమీ లేదు.’ ఒక నిమిషం మౌనం.

‘మోకాళ్లు నొప్పిగా ఉంటే కాస్త కదుపుకో, ఫరవాలేదు. భుజాలు వదులు చెయ్యి. పళ్లు బిగపట్టావేమో చూసుకో.’ అర నిమిషం మౌనం.

‘ఇప్పుడు గాలి ముక్కు దగ్గర ఎలా వస్తోందో, ఎలా పోతోందో చూడు. గట్టిగా పీల్చనక్కర్లేదు. వదిలినప్పుడు ఒకటి అనుకో, మళ్లీ వదిలినప్పుడు రెండు. పది అయ్యాక మళ్లీ ఒకటి.’ రెండు నిమిషాలు మౌనం.

‘పాలవాడో, కరెంటు బిల్లో, నేనో గుర్తొచ్చి ఉంటాం. ఒకటి దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టు.’ మూడు నిమిషాలు మౌనం.

‘అయిపోవచ్చిందమ్మా. అరచేతులు రుద్దుకుని కళ్ల మీద పెట్టుకో. నెమ్మదిగా కళ్లు తెరువు. వెంటనే లేవకు, తల తిరుగుతుంది, ఒక్క నిమిషం అలాగే కూర్చో.’ గంట.

రికార్డు చేసేటప్పుడు మామూలుగా ఫోనులో మాట్లాడినట్టే మాట్లాడండి. గొంతు లోతుగా పెట్టి, మాట మాటకూ సాగదీస్తే అమ్మ నవ్వేస్తుంది. మౌనం ఉన్నచోట రికార్డర్ ఆపకండి, నడవనివ్వండి. గడియారం ఎదురుగా పెట్టుకుంటే చాలు.

6. ఫోను అవతల

కూర్చునే చోటే అన్నిటికన్నా ముఖ్యమైన పనిముట్టు. నేల మీద కూర్చుంటే పాత దుప్పటిని నాలుగు మడతలు వేసి పిరుదుల కింద మాత్రమే పెట్టండి, కాళ్ల కింద వద్దు. మోకాళ్లు తుంటి కన్నా కిందికి ఉండాలి. అలా లేకపోతే నడుము వంగి పదో నిమిషానికి నొప్పి మొదలవుతుంది. ఇంకో మడత చేర్చి చూడండి. ధ్యానం దిండ్లని వేలకు వేలు పెట్టి అమ్ముతున్నారు, దుప్పటి చేయనిది అవి చేసేదేమీ లేదు. కుర్చీలో కూర్చోవడం తక్కువతనం కాదు.

అగరువత్తి మంచి గడియారం. జపాన్ జెన్ మఠాల్లో ఒక అగరువత్తి కాలే సమయమే ఒక విడత ధ్యానం లెక్క, సుమారు 40 నిమిషాలు. మన దగ్గర దొరికేవాటి పొడవు, మందం ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటాయి కాబట్టి ముందు కొలుచుకోవాలి. మీ ఇంట్లో వాడేది ఒకటి వెలిగించి, ఫ్యాను ఆపి, 10 నిమిషాల్లో ఎంత కాలిందో స్కేలుతో చూడండి. ఆ కొలత దగ్గర తర్వాతివాటిని తుంచుకోవచ్చు. ఆరిపోయాక పరిమళం తగ్గడమే గంట. ఆస్తమా ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు, మిగతావాళ్లు కూడా కిటికీ తెరిచి ఉంచండి.

జపమాలలో 108 పూసలు, పైన సుమేరువు అనే పూస. సుమేరువును దాటకుండా అక్కడికి రాగానే మాలను తిప్పి వెనక్కి వస్తారు. చూపుడు వేలు తగలకుండా మధ్యవేలు, బొటనవేలితో తిప్పడం వాడుక. శ్వాసకు ఒక నామం చొప్పున, శ్వాసకు పది క్షణాలు అనుకుంటే ఒక మాల 18 నిమిషాలు పడుతుంది. అంటే మాలే టైమర్. వేలికి ఉంగరంలా తొడుక్కునే మీట లెక్కల యంత్రాలు పూజాసామగ్రి దుకాణాల్లో దొరుకుతాయి. బస్సులో, నడకలో అవి హాయి. నొక్కినప్పుడల్లా కూసేది మాత్రం కొనవద్దు.

మాల లేనప్పుడు చేతివేళ్లే ఉన్నాయి. కుడిచేతి ఉంగరపు వేలు నడిమి కణుపు దగ్గర బొటనవేలు పెట్టి ఒకటి అనండి. అదే వేలి అడుగు కణుపు రెండు. చిటికెన వేలి అడుగు, నడిమి, పై కణుపులు మూడు, నాలుగు, అయిదు. ఉంగరపు వేలి పై కణుపు ఆరు, మధ్యవేలి పై కణుపు ఏడు. చూపుడు వేలి పై, నడిమి, అడుగు కణుపులు ఎనిమిది, తొమ్మిది, పది. మధ్యవేలి మిగిలిన రెండు కణుపులు సుమేరువు లెక్క, వాటిని ముట్టుకోరు. పది పూర్తయినప్పుడల్లా ఎడమచేతిలో ఇదే వరుసలో ఒక కణుపు జరపండి. అక్కడ పది పూర్తయితే వంద, ఇంకో ఎనిమిది కలిపితే మాల. రెండు రోజులు తికమకగా ఉంటుంది, తర్వాత వేళ్లే నడుస్తాయి. మీటింగులో బల్ల కింద కూడా చేసుకోవచ్చు, ఎవరికీ తెలియదు.

దీపం చూసే త్రాటకం గురించి ఒక్క మాట. నీటికాసులు, ఇతర కంటి జబ్బులు, మూర్ఛ ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లవద్దు. మిగతావాళ్లు తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకుని చేయడం మంచిది. ఫోను తెర మీద దీపం బొమ్మ పెట్టి చేయమనే యాప్‌లను మాత్రం నేను ఒప్పుకోను.

ఒకే గదిలో మరొకరు నిద్రపోతుంటే స్మార్ట్‌వాచీ అక్కరకొస్తుంది. టైమర్ పెడితే శబ్దం లేకుండా మణికట్టు మీద అదురుతుంది. అంతకు మించి దాన్ని అడగకండి. గుండె వేగం ఎంత తగ్గిందో మధ్యలో చూసుకోవాలన్న కోరిక ధ్యానాన్ని పరీక్షగా మార్చేస్తుంది.

7. వరుస రోజుల మాయ

యాప్‌లలో నాకు అన్నిటికన్నా చిరాకు పుట్టించేది వరుస రోజుల లెక్క. ముప్పై రోజులు తప్పకుండా కూర్చున్న మనిషి ముప్పై ఒకటో రోజు జ్వరంతో పడుకుంటే అంకె సున్నాకు పడిపోతుంది. ముప్పై రోజుల సాధన ఎక్కడికీ పోలేదు. అయినా సున్నా చూసి మానేసేవాళ్లు ఎందరో. మరికొందరు అంకె నిలబెట్టుకోవడానికి రాత్రి పదకొండున్నరకు యాప్ తెరిచి, టైమర్ నడిపిస్తూ పళ్లు తోముకుంటారు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఈ లెక్క, బ్యాడ్జీలు, ‘మీరు ఈరోజు కూర్చోలేదు’ అనే గుర్తుచేతలు ఆపేయండి. ఆపడం కుదరని యాప్ అయితే నోటిఫికేషన్లు మొత్తం మూసేయండి.

లెక్క కావాలంటే వంటింట్లో వేలాడే గోడ క్యాలెండర్ ఉంది. పాల లెక్క, గ్యాస్ బండ తేదీ రాసే గడిలోనే నిమిషాలు రాయండి. కూర్చోని రోజు ఖాళీగా వదిలేయండి, గుణకారం గుర్తు పెట్టకండి. బాగా కుదిరింది, కుదరలేదు అని మార్కులు వేయవద్దు. అడ్డొచ్చింది ఏమిటో ఒక్క మాట: ‘నిద్ర’, ‘ఫోను’, ‘చుట్టాలు’. నెలాఖరున పేజీ చూస్తే ఏది మార్చాలో కనిపిస్తుంది. వరుసగా ‘నిద్ర’ అని ఉంటే వేళ మార్చాలి. ఆదివారాలన్నీ ఖాళీగా ఉంటే ఆదివారానికి వేరే వేళ పెట్టుకోవాలి.

8. డబ్బు, అనుమతులు

వారం రోజులు ఉచితం అన్నప్పుడు కార్డు వివరాలో, యూపీఐ ఆటోపే అనుమతో అడుగుతారు. ఎనిమిదో రోజు ఏడాది చందా ఒకేసారి కోసుకుపోవచ్చు. యాప్ తీసేస్తే చందా రద్దవదు, ఇది గుర్తుంచుకోండి. ప్లే స్టోర్‌లో మీ బొమ్మ మీద నొక్కి, చెల్లింపులు, సబ్‌స్క్రిప్షన్ల విభాగంలోకి వెళ్లి రద్దు చేయాలి. ఉచిత గడువు మొదలుపెట్టిన రోజునే, అయిదో రోజుకు ఒక అలారం పెట్టుకోవడం తెలివైన పని.

గంట కొట్టే యాప్‌కు మీ కాంటాక్టులతో, లొకేషన్‌తో పనేమీ లేదు. అడిగితే నిరాకరించండి. ‘ఈరోజు మీ మనసు ఎలా ఉంది’ అని రోజూ అడిగి భద్రపరిచే యాప్‌లకు మీ దిగులు, నిద్రలేమి, ఇంటి గొడవలు రాసి ఇవ్వకండి. అవి గోడ క్యాలెండర్‌కు కూడా అక్కర్లేదు.

9. దూరాన ఉన్నవాళ్లతో కలిసి

ఒంటరిగా నిలబడని అలవాటు తోడుంటే నిలబడుతుంది. అన్నదమ్ములో, స్నేహితులో ఒక వాట్సాప్ కాల్‌లో కలిసి, గంట కొట్టేవాళ్లు తప్ప మిగతావాళ్లు మైకులు మూసేసి కూర్చోవచ్చు. కెమెరా కూడా ఆపేయండి. హైదరాబాద్‌లో ఉదయం 6 అయితే న్యూజెర్సీలో ముందురోజు రాత్రి వేసవిలో 8:30, చలికాలంలో 7:30. మార్చిలోనూ, నవంబరులోనూ అక్కడ గడియారం మారుతుంది. ఆ రెండు వారాల్లో ఎవరో ఒకరు గంట ముందో వెనకో వచ్చి కూర్చుంటారు, ముందే గుర్తుచేసుకోండి. కాల్ అయ్యాక కబుర్లు చెప్పుకోవద్దని మొదటి రోజే అనుకోండి. చెప్పుకోవాలనిపిస్తే వేరే కాల్ చేసుకోండి.

10. ఆపవలసినప్పుడు

కూర్చుంటే ప్రశాంతంగా ఉండాల్సింది పోయి గుండె దడ, ఊపిరాడనట్టు అనిపించడం, పాత భయాలు పైకి రావడం కొందరికి జరుగుతుంది. అలాంటప్పుడు నిమిషాలు పెంచమని చెప్పే యాప్ మాట వినవద్దు. కళ్లు తెరవండి, లేచి నడవండి, కొన్నాళ్లు ఆపేయండి. తగ్గకపోతే డాక్టరును కలవండి. ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మందులు వాడుతున్నవాళ్లు ధ్యానం మొదలుపెట్టామని వాటిని ఆపకూడదు.

11. నెల తర్వాత

అలవాటు కుదిరాక వారంలో ఒక రోజు ఫోనును వేరే గదిలో పెట్టి కూర్చోండి. కొలిచి తుంచుకున్న అగరువత్తో, మాలో వాడండి. ఆ తర్వాత రెండు రోజులు చేయండి. రికార్డు చేసిన గొంతు వింటున్నవాళ్లు అందులో మాటలు సగానికి తగ్గించి కొత్తది చేసుకోండి. మధ్య గంటలు తీసేయండి.

విపశ్యన పది రోజుల శిబిరానికి వెళ్లే ఉద్దేశం ఉన్నవాళ్లకు ఈ సాధన మరీ అవసరం. హైదరాబాద్ వనస్థలిపురం దగ్గర 1976లో మొదలైన ధమ్మఖేత్తలోనైనా, నాగార్జునసాగర్‌లోని ధమ్మనాగజ్జునలోనైనా, ఏలూరు దగ్గర విజయరాయిలోని ధమ్మవిజయలోనైనా నియమం ఒకటే: శిబిరం మొదలయ్యే రోజునే ఫోను అప్పగించాలి, చివరి రోజు దాకా తిరిగి ఇవ్వరు. బయలుదేరేముందు కేంద్రం కార్యాలయం నంబరు ఒక కాగితం మీద రాసి ఇంట్లోవాళ్లకు ఇచ్చి వెళ్లండి. అత్యవసరమైతే వాళ్లు అక్కడికి చేస్తారు, కార్యాలయంవాళ్లు వచ్చి మీకు చెబుతారు.